జాలీ గోడ

మౌలాబీ ఇంటి లెట్రిన్‌కు తాళం పడింది మంగళవారం నాడు. పాలవాడి మోటారుసైకిలు ఇంకా బస్తీలోకి రానేలేదు, సంఘం పెద్ద ఎస్తేరమ్మ ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకొని వచ్చేసింది. రేకు తలుపు దగ్గరికి లాగి, గొళ్లానికి తాళం వేసి, ఒకసారి గుంజి చూసి, తాళంచెవి కొంగున ముడి వేసుకుంది. గొంతు పెంచలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తిట్టుకు మారు తిట్టుంటుంది. తాళానికేముంటుంది?

ఎదురు గుడిసె ముందు బండమీద కూర్చొని వేపపుల్ల నములుతున్న కురుమూర్తి మేస్త్రి అదంతా చూస్తూనే ఉన్నాడు.

"ఎన్ని దినాలు ఎస్తేరమ్మా, గీ తాళం?" అని అడిగింది మౌలాబీ. ఊడుస్తున్న చీపురు చేతిలో అలాగే ఉంది.

"ఐతారం మీటింగుంది. రజిత మేడం వస్తది. ఆమె ముంగట తేల్చుకుందం. ఇరవై రెండు ఇండ్లకు కట్టుకుంటిమి. ఇరవై ఒక్కటి మంచిగున్నయి. నీ ఒక్కదాని గుంతనే ఎనిమిది నెలలకు నిండి దారిమీదికొచ్చె. మూడేండ్లు రావాల్సిన గుంత అది."

"రెండో గుంత ఉంది గదా. దాంట్లకు మళ్లించుకుంటం."

"మళ్లిస్తవు. అదీ ఎనిమిది నెలలకే నింపుతవు. మొదటిది ఏడాదిన్నర ఆరిందాక ముట్టొద్దాయె. నడుమ వచ్చేదంత యాడికి పోవాలె, మా వాకిండ్లలకా?" ఎస్తేరమ్మ తిరిగి పోబోతూ ఆగింది. "మీ ఇంట్ల నీళ్లు జర ఎక్కువ వాడుతరంట. దినాం ఐదుసార్లు కాళ్లు చేతులు కడుగుడు, ఆ నీళ్లన్ని అండ్లనే పోసుడు. బస్తీల అనుకుంటుండ్రు. నేనంటలేను."

"తోబ తోబ! వజూ నీళ్లు అండ్ల ఎందుకు పోస్తమమ్మా? మల్లెచెట్టుకు పోతయి. వచ్చి చూడరాదు."

"నేనంటలేనంటిని గదా," అనేసి ఎస్తేరమ్మ వెళ్లిపోయింది.

లోపలినుంచి కోడలు మెహజబీన్ నడుము పట్టుకొని గడపలోకి వచ్చింది. ఏడోనెల నిండింది ఆ పిల్లకు. తాళం వైపు చూసింది, అత్త వైపు చూసింది. చెంబులో నీళ్లు ముంచుకొని, దుపట్టా తలమీదికి లాక్కొని, రైలుపట్టాల పక్క సర్కారు తుమ్మల వైపు నడిచింది. రాత్రి వాన పడి దారంతా జారుడుగా ఉంది. ఒక్కో అడుగూ చూసి చూసి వేస్తోంది.

కురుమూర్తి నోట్లో వేపపుల్ల ఆగిపోయింది. ఇరవై ఒక్కటి మంచిగున్నయి, ఒక్కటి నిండింది. అతనికి తెలుసు, ఆ ఒక్కదానికీ మిగతా వాటికీ తేడా ఎక్కడుందో. ఆ తేడా చేసింది తానే.

*

గద్వాల ఊరి చివర, రైలుపట్టాలకూ పాత జిన్నింగు మిల్లు గోడకూ నడుమ ఉంటుంది ఆ రాళ్లబస్తీ. ధరూర్ నుంచి, వడ్డేపల్లి నుంచి పత్తి పనులకని వచ్చి గుడిసెలు వేసుకొని నిలిచిపోయినవాళ్లే అందరూ. ఇళ్ల పట్టాలు లేని నేల. అందుకని ఏ కాగితమూ ఈ బస్తీ దాకా వచ్చేది కాదు. పోయినేడాది ఆడవాళ్ల సంఘం, మున్సిపాలిటీ, ఊళ్లో ఒక చిన్న సంస్థ, ముగ్గురూ కూడబలుక్కున్నారు. పైపులూ పింగాణీ బేసిన్లూ సంస్థవి, ఇటుకలు మున్సిపాలిటీవి, తవ్వకం, మోత, కట్టుబడి బస్తీవాళ్లవి. బస్తీలో ఉన్న ఒకే ఒక్క పాత మేస్త్రి కురుమూర్తి.

సంస్థ పిల్ల రజిత మొదటిరోజున సుద్దముక్కతో బండమీద బొమ్మ గీసి చూపించింది. ఒక బేసినుకు రెండు గుంతలు. ఒకటి నిండితే రెండోదానికి మళ్లించడం. మొదటిది మూతపెట్టి ఏడాదిన్నర వదిలేస్తే మన్నయిపోతుంది, ఎవ్వరూ మురికి ముట్టే పని లేదు. అంతవరకు కురుమూర్తికి బాగానే నచ్చింది. గోడ దగ్గరకు వచ్చేసరికే పేచీ పడింది.

"లోపల జాలీ గోడ కట్టాలె తాతా," అంది రజిత. "ఒక వరుస ఇటుకలు దగ్గర దగ్గర, పై వరుస రెండు వేళ్ల సందు ఇడిసి. నీళ్లు సందుల్లకెల్లి బయటి మొరంలకు ఇంకిపోవాలె."

"గోడకు జాలేంది బిడ్డా? మనుషులకే లేకపాయె," అన్నాడతను. అందరూ నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. పని నేర్పిన మేనమామ నోట ఒక మాట ఉండేది: మేస్త్రి కట్టిన గోడలో వేలు దూరితే ఆ వేలు మేస్త్రి కంట్లో దూరినట్టే. యాభై ఏళ్లుగా ఆ మాట మీదే బతికాడు. తాడుకు తూకం గుండు వేలాడేసి, ఒంటి కన్ను మూసి, వరుస వరుసకూ అరచెయ్యి ఆనించి చూసుకునే మనిషి. ఖిల్లా ఘణపూర్‌లో అతను ఇరవై ఏళ్లప్పుడు కట్టిన బడిగోడకు నేటికీ నెర్రె పడలేదు. అలాంటివాణ్ని బొక్కల గోడ కట్టమంటే, నేతగాణ్ని చిరుగుల చీర నెయ్యమన్నట్టే. అయినా కట్టాడు. రజిత గట్టుమీద కూర్చొని చూస్తుండేది మరి. ఇరవై ఒక్క ఇళ్లకూ, సందు సందుకూ మనసులో ఏడ్చుకుంటూనే కట్టాడు.

మౌలాబీ ఇంటి వంతు చివర వచ్చింది. ఆ వారం రజిత వనపర్తిలో ఏదో శిక్షణ ఉందని పోయింది. ముందటి ఏడు కురుమూర్తి జ్వరంతో పది రోజులు మంచాన పడితే, పొద్దునా సాయంత్రం జావ కాచి తెచ్చింది మౌలాబీయే. "అన్నా, ఇంగో రెండు గుక్కలు" అని పసిపిల్లవాడికి పోసినట్టు పోసింది. అలాంటి చెల్లెకు బొక్కల గోడ ఇచ్చి పోవడమా? ముందు రజిత చెప్పినట్టే జాలీ కట్టాడు. గట్టుమీద కూర్చొని అరగంట దాన్ని చూశాడు. తర్వాత తన అరుగు కోసమని దాచుకున్న అర బస్తా సిమెంటు ఇంట్లోంచి ఎత్తుకొచ్చాడు. సన్న ఇసుక జల్లించాడు. రెండు గుంతలకూ లోపల చుట్టూ, సందులన్నీ మూస్తూ సిమెంటు గిలాబు చేశాడు. పైన పాలసిమెంటు పూసి, తడి గోనెగుడ్డతో రుద్ది రుద్ది గాజులా తేల్చాడు. తర్వాత అరచేత్తో నిమిరి చూసుకుంటే మనసుకు ఎంత చల్లగా తగిలిందో! బస్తీలో ఇరవై రెండు కట్టినా, ఇది మాత్రమే తన గోడ అనుకున్నాడు.

ఎంత ప్రేమగా కట్టాడో అంత గట్టిగా మూసేశాడు.

*

బుధవారం, గురువారం, రెండు రోజులూ దొంగకు తేలు కుట్టినట్టే గడిచాయి. అతని భార్య జములమ్మ జొన్నరొట్టె కొడుతూ ఒకటే ఊదరగొట్టింది. రజిత వచ్చే నెల నాగర్‌కర్నూలు బస్తీలోనూ ఇలాగే కట్టించబోతోంది. అక్కడి మేస్త్రీలకు పని నేర్పడానికి కురుమూర్తిని తీసుకుపోతానంది. ఆ మాట విన్నప్పటినుంచి జములమ్మ నేల మీద లేదు. తెల్ల అంగీ కుట్టించింది. దాన్ని చిలక్కొయ్యకు తగిలించి, వచ్చినవాళ్లకల్లా చూపిస్తోంది.

"ఓ మేస్త్రీ, జర తొడిగి చూపియ్యరాదు. చంకల పట్టుకుంటదేమో."

"తర్వాత చూద్దం తియ్యే."

"తర్వాత ఎప్పుడు? గాడికి పోయినంక చినిగితే నా మొకం చూస్తవా? ఏంది నీ పరేషాను? ముద్ద దిగుతలేదేంది?"

ఇక పట్టలేక చెప్పేశాడు. జములమ్మ చేతిలో రొట్టె పెనం మీద మాడిపోతుంటే తియ్యడం మరిచిపోయింది. తేరుకొని గొంతు తగ్గించి అంది:

"నోరు మూసుకొని ఉండు. నీకు పుణ్యముంటది. చెప్తే నిన్ను నాగర్‌కర్నూలు తీస్కపోతరా? మేస్త్రి అని పిలుస్తరా? ఎవ్వలకు తెల్వదు. గుంత లోపలికి దిగి చూసెటోడెవడు?"

"మౌలాబీ మీద పడ్డది గదనే."

"పడ్డది. నాల్గు దినాలైతే మరుస్తరు."

ఆ మాట అన్నదే గానీ ఆమె కూడా అతని కళ్లలోకి చూడలేదు. మాడిన రొట్టెను తన పళ్లెంలోకి వేసుకొని, మంచిది అతనికి పెట్టింది.

శుక్రవారం పొద్దున మళ్లీ సన్నగా వాన. మెహజబీన్ తుమ్మల దగ్గర జారింది. పొట్టకు దెబ్బ తగల్లేదు, అదృష్టం. మోచెయ్యి చీరుకుపోయింది. మౌలాబీ కొడుకు ఫయాజ్ ఆటోలో దవాఖానకు తీసుకుపోయి తీసుకొచ్చాడు. బస్తీవాళ్లందరూ అయ్యో అన్నారు. అన్నవాళ్లలో ఒకామె, "పాపం, నీళ్లు జర తక్కువ వాడుకుంటె ఐపోయేది గదా" అని కూడా అంది. కురుమూర్తి ఆ మాట విన్నాడు. తలెత్తలేకపోయాడు.

శనివారం మధ్యాహ్నం మగవాళ్లు పనుల్లోకి, ఆడవాళ్లు పత్తి ఏరడానికి పోయి బస్తీ ఖాళీగా ఉన్నప్పుడు, అతను పలుగు తీసుకొని మౌలాబీ ఇంటి వెనక్కి పోయాడు. నిండిన గుంత జోలికి పోలేదు. వాడని రెండో గుంత బండమూత సందులో పలుగు పెట్టి ఓరగా జరిపాడు. లోపలికి వంగి చూశాడు.

నీళ్లు. మూత అంచులనుంచి దిగిన వాననీళ్లు, మోకాటి లోతు, అద్దంలా తేటగా నిలిచి ఉన్నాయి. వాటిలో అతని ముఖమే కనబడింది. పది రోజుల వాన, ఒక్క చుక్క ఇంకలేదు. మిగతా గుంతల్లో అయితే బిందెడు పోస్తే బీడీ కాల్చుకునేలోగా మాయమైపోతాయి. ఇది గుంత కాదు, తొట్టి. ఎంత నునుపు, ఎంత గట్టి! ఇంతకంటే మంచి గిలాబు గద్వాలలో ఎవడూ చెయ్యలేడు.

"చూసినవా అన్నా?"

వెనక మౌలాబీ నిలబడి ఉంది. చేతిలో చాయ్ గ్లాసు. అతను పలుగు పట్టుకొని అలాగే నిలబడిపోయాడు.

"చెల్లె... నేను చేసిన పనే ఇది. నీ తప్పు లేదు."

"నాకు తెల్సన్నా."

అతను అర్థంకానట్టు చూశాడు.

"అందరి గుంతలల్ల బొక్కలుండె, నా దాంట్ల లేకుండె. మా అన్న నాకు పానం పెట్టి కట్టిండని మురిసిపోతి. మా అక్కొస్తే మూత జరిపి చూపిచ్చుకుంటి కూడ. మొన్న మొదటిది నిండినంక అర్థమైంది. దీనికి నోరు లేకపాయెనని."

"మరి ఎస్తేరమ్మ గన్ని మాటలంటుంటే చెప్పకపోతివేంది?"

మౌలాబీ చాయ్ గ్లాసు గట్టుమీద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడవడానికి ఆ చేతులకేమీ లేదు.

"నువ్వే చెప్తవనుకున్న. మంగళారం కాడికెల్లి చూస్తున్న."

అంతే అంది. ఇంట్లోకి పోయింది. చాయ్ చల్లారి పైన మీగడ కట్టేదాకా కురుమూర్తి ఆ గట్టుమీదే కూర్చున్నాడు. తిట్టే నోరున్న మనిషి తిట్టకపోతే ఎంత బరువో అతనికి అప్పుడు తెలిసింది.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చిన ఎస్తేరమ్మ తెల్లచీర మార్చకుండానే మీటింగు పెట్టింది. మిల్లు గోడ నీడలో చాపలు పరిచారు. రజిత బండి దిగుతూనే గుంత సంగతి అడిగింది. ఎస్తేరమ్మ చెప్పుకొచ్చింది: ఇలా నిండితే బస్తీ అంతా కంపు, అందుకని బేసిను తీసి, ఆ ఇరవై రెండింట్లో లేని ఇంకో ఇంటికి ఇద్దామని సంఘంలో నలుగురూ అంటున్నారు. మౌలాబీ చివరగా కూర్చొని నేల గీకుతోంది. మెహజబీన్ మోచేతి కట్టు దుపట్టా కింద దాచుకుంది.

"నీళ్లతోని అంత తొందరగ నిండదు ఎస్తేరమ్మా," అంది రజిత. "ఎన్ని నీళ్లు పోసినా ఈడి మొరం తాగుతది. ఏందో వేరే కారణముండాలె."

"ఉంది బిడ్డా," అన్నాడు కురుమూర్తి.

నిలబడ్డాడు. సంచిలోంచి సుత్తె, ఉలి తీసి చాపమీద పెట్టాడు. జములమ్మ అతని అంగీ వెనకనుంచి పట్టి లాగింది. అతను కూర్చోలేదు.

"నేను మూసిన. రెండు గుంతలకు గిలాబు జేసిన. సందు కనబడితే నాకు మంచిగనిపియ్యలే. చెల్లె ఇల్లని జేసిన. నీళ్లు ఆళ్లు ఎక్కువ పోయలే, నేను పోకుంట జేసిన. తప్పు నాది."

పట్టాలమీద కూలీల రైలొకటి పోయింది.

"మంగళారం కాడికెల్లి ఏం జేస్తున్నవు మల్ల?" అంది ఎస్తేరమ్మ. "నేను తాళమేస్తుంటే వేపపుల్ల నములుకుంట కూసుంటివి గదా!"

"కూసున్న. ఇజ్జత్ పోతదని కూసున్న."

"మాకు చెప్పకపోయినా ఆ పిల్ల జారినప్పుడన్న చెప్పాలె గదయ్యా." ఈ మాట అన్నది నీళ్లు తక్కువ వాడుకోవాలన్న ఆ ఆడమనిషే. ఎస్తేరమ్మ ఆమె వైపు ఒక్క చూపు చూసింది. ఆమె నోరు మూసుకుంది.

రజిత పుస్తకం మూసింది. ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్లుంటాయేమో, తాత వైపు కాక పుస్తకం అట్ట వైపు చూస్తూ అంది. "తాతా, నాగర్‌కర్నూలుకు ఈసారి వేరేవాళ్లను తీస్కపోత. నేర్పెటోళ్లు గిట్ల చేస్తే ఆడ ఎన్ని గుంతలు మూతపడుతయో చెప్పు."

"అవు బిడ్డా. నిజమే," అన్నాడతను.

వెనకనుంచి జములమ్మ చెయ్యి అతని అంగీని వదిలేసింది.

నిండిన గుంతను మున్సిపాలిటీ బండి వచ్చి తోడుకుపోయేదాకా మూత కూడా ఎవరూ తియ్యొద్దని రజిత గట్టిగా చెప్పింది. రెండో గుంతలో ఇంతవరకూ ఏమీ పడలేదు గనక, దాంట్లో దిగొచ్చని చూసి నిర్ధారించింది. నిచ్చెన వేసి కురుమూర్తి దిగాడు. మోకాళ్లదాకా వాననీళ్లు. గట్టు చుట్టూ బస్తీ అంతా మూగింది.

అతను కళ్లు మూసుకొని వేలి కణుపులతో గోడను తట్టుకుంటూ పోయాడు. ఇటుక ఉన్నచోట గట్టిగా, సందు ఉన్నచోట బోలుగా మోగుతుంది. డబ్బుమన్న చోట ఉలి ఆనించాడు. మొదటి దెబ్బకు గీత కూడా పడలేదు. రెండో దెబ్బకు ఉలి జారి చెయ్యి గీరుకుంది.

"ఏం పెట్టి కట్టినవన్నా, ఉక్కా?" పైనుంచి మౌలాబీ గొంతు వినిపించింది. ఐదు రోజుల తర్వాత ఆ గొంతులో నవ్వు లాంటిది.

"నీకోసం కట్టింది చెల్లె, ఉట్టిగ పలుగుతదా?"

ఏడో దెబ్బకు పెచ్చు ఊడింది. ఎనిమిదో దెబ్బకు లోపలి సందు తెరుచుకుంది. అతని మోకాళ్ల దగ్గర నీళ్లు కదిలాయి. సన్నగా సుడి తిరిగి ఆ బొక్కలోకి పోవడం మొదలుపెట్టాయి. అటుపక్క మొరం వాటిని గుటకలు గుటకలుగా తాగుతున్న చప్పుడు లోపలున్న ఒక్క కురుమూర్తికే వినబడింది. యాభై ఏళ్లలో ఎన్నో గోడలు కట్టాడు గానీ, గోడ ఇలా గుటక వెయ్యడం అతను ఏనాడూ వినలేదు. కాసేపు ఉలి ఆపి విన్నాడు. ఆ తర్వాత ఇక ఆగలేదు. వరుస విడిచి వరుస, వేలు దూరేటంత సందు, గోడ చుట్టూ. చెయ్యి పడిపోతే ఎడమ చేత్తో కొట్టాడు. పొద్దు మిల్లు గోడ దాటి వాలేసరికి గాజులాంటి ఆ గిలాబంతా అతని పాదాల దగ్గర పెంకులై పడి ఉంది.

పైకి వచ్చి గట్టుమీద కూలబడ్డాడు. జుట్టునిండా సిమెంటు పొడి. జములమ్మ చెంబుతో నీళ్లిచ్చి, కొంగుతో అతని తల దులిపింది.

"ఇప్పుడు నీళ్లు పోసి చూడాలె," అంది రజిత. "నాలుగైదు బిందెలన్న గావాలె."

ఆ మాటకు ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ట్యాంకరు వచ్చేది మూడు రోజులకు ఒకసారి. మళ్లీ వచ్చేది మంగళవారమే. మౌలాబీ లోపలికి పోయి తన ఇంట్లో అడుగునున్న నీళ్లు చెంబుతో తెచ్చింది.

ఎస్తేరమ్మ ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. నెత్తిమీద ఒకటి, చంకన ఒకటి, రెండు బిందెలతో వచ్చింది. తెల్లచీర భుజం దగ్గర తడిసిపోయింది. బిందెలు దించి ముందు కొంగు ముడి విప్పింది. తాళంచెవి తీసి మెహజబీన్ చేతిలో పెట్టి, ఆ పిల్ల మోచేతి కట్టుమీద వేళ్లు ఆనించి ఆనించనట్టు ఆనించింది. మొదటి బిందె వంచి గుంతలోకి పోసింది. నీళ్లు జానెడు లేచాయి, ఆగాయి, మొదటి సందు దాకా దిగాయి, దాని కింది సందు దాకా దిగాయి.

అది చూసి ఒక్కొక్క ఆడమనిషీ కదిలింది. ఎవరింట్లో ఉన్నంత వారు తెచ్చారు. బిందె, బకెట్టు, వంటగిన్నె. పోసినవి పోసినట్టే పోతున్నాయి.

మౌలాబీ తన చెంబు పట్టుకొని పక్కకు నిలబడే ఉంది. పోయనా వద్దా అన్నట్టు చూస్తోంది. ఎస్తేరమ్మ ఆమె చేతిలోంచి చెంబు తీసుకొని గట్టుమీద పెట్టి, తన రెండో బిందె ఎత్తి ఆమె చంకకు అందించింది.

"చెంబేందక్కా," అంది. "బిందెడు పొయ్యి. నీ ఇష్టమున్నంత పొయ్యి."